నాలుగు వేళ్ళ సందు

చింతలగూడెం, సుల్తానాబాదు దగ్గర
ఆగస్టు 3, 1962

పూజ్యులైన బావగారికి,

మీ బామ్మర్ది సుదర్శన్‌రావు నమస్కారాలు. వానలు బాగున్నాయి, నాట్లు సాగుతున్నాయి, నేనే బాగాలేను.

బెల్లంపల్లి బొగ్గుబావుల ఇంజనీరు దొర విలాయత్ వెళ్ళిపోతూ తన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు నాకు అమ్మాడని మీకు తెలుసు. అది మీ నిర్మల్లోనే దేవదాస్ మిస్త్రీ షెడ్డులో ఉందనీ తెలుసు. పోయిన వారం నేను వచ్చి అందులో కూర్చున్నప్పుడు ఏం జరిగిందో మాత్రం అక్కకు చెప్పలేదు, మీకు చెబుతున్నాను. కప్పు తలకు తగిలింది. మెడ వంచాను, గడ్డం ఛాతీకి తగిలింది. ఇంకా వంచాను, మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగిలాయి. బజారంతా మూగింది. ఎవడో వెనక నుంచి "దొర గంప కింద కోడి లెక్క కూసున్నడు" అన్నాడు. నేను వాడి వైపు తల తిప్పలేకపోయాను. అదే వాడి అదృష్టం.

కారు నాకు సరిపోయేదాకా మళ్ళీ అందులో కాలు పెట్టనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

బావగారూ, పుట్టిన దగ్గర్నుంచీ నా తలకు తగలనిది లేదు. పెళ్ళిలో మా అత్తగారింటి ద్వారబంధం తగిలి బాసింగం విరిగింది. బస్సెక్కితే కప్పు తగులుతుంది, రైలెక్కితే పై బల్ల తగులుతుంది. నా పొడుగుకు సరిపోయేది ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. ఒక్కసారి, ఒక్క బండిలో తల ఎత్తుకొని కూర్చొని జోరుగా ఉరికించాలని ఉంది. అక్టోబరులో ఆదిలాబాదు పాత విమానాల మైదానంలో మీ మోటరు క్లబ్బు పెట్టే పందెంలో పేరు ఇచ్చింది అందుకే. మీ రూలేమో తలకు గట్టి టోపీ పెట్టాలి, టోపీకీ కప్పుకీ నడుమ నాలుగు వేళ్ళ సందు ఉండాలి అంటోంది. క్లబ్బు కార్యదర్శి మీరే కదా. జర రెండు వేళ్ళు చేయండి.

ఇట్లు,
వంగలేని మీ బామ్మర్ది,
సుదర్శన్‌రావు

తా.క. "తల పట్టని బండి కొన్నోని తలల ఏమున్నదో" అని మా ఆవిడ జానకి అడుగుతోంది. మీకు తెలిస్తే రాయండి.

———

నిర్మల్
ఆగస్టు 9, 1962

చిరంజీవి సుదర్శన్‌కు,

మీ బావ కరుణాకర్‌రావు ఆశీస్సులు. నువ్వు రాయకపోయినా మీ అక్కకు అంతా తెలుసు. గంప కింద కోడి అన్నవాడు మా పాలవాడే.

రూలు మార్చను. బామ్మర్ది తలకాయ కోసం రూలు కుదించాడని జిల్లా అంతా నవ్వుతుంది. రూలు మార్చేకంటే కారును మార్చడం సులువు. దేవదాసు సీటు దించుతానంటున్నాడు. కానీ ఎంత దించాలో తెలియాలంటే నీ అంత మనిషి లోపల కూర్చోవాలట. నువ్వు ఒట్టు పెట్టుకొని కూర్చున్నావు. నీ అంత మనిషి నిర్మల్లో ఎక్కడ దొరుకుతాడు? కల్లు గీసే కొమురెల్లిని తెచ్చి చూశాం. ఆయన పొడుగంతా కాళ్ళలోనే ఉంది. కూర్చుంటే నా కంటే పొట్టి.

కాబట్టి ఒక ఉపాయం. మా బొమ్మల భూమన్న నీ కొలతతో కూర్చున్న మనిషి బొమ్మ ఒకటి పొణికి కర్రతో చేస్తాడు. తేలికగా ఉంటుంది, ఎన్నిసార్లు ఎక్కించి దించినా "పరువు పోయింది" అనదు. అది పట్టేలా దేవదాసు కారు సవరిస్తాడు. నువ్వు పందెం రోజు వచ్చి కూర్చోవడమే. కూర్చున్న చోటి నుంచి నెత్తి కొస దాకా కొలత పంపు.

శుభం.
నీ బావ

తా.క. "చిన్నప్పుడే వాన్ని జర గంప కింద పెడితె గింత పెరిగెటోడు కాదు" అని మీ అక్క అంటోంది.

———

చింతలగూడెం
ఆగస్టు 17, 1962

బావగారికి నమస్కరించి రాయునది.

కవరులో తాడు ఉంది, తీసుకోండి. కింది ముడి నేను కూర్చున్న చోటు, పై ముడి నెత్తి కొస. మా దర్జీ సిద్దిరాములు కొలిచాడు. వాళ్ళ నాన్న కాలం నుంచి మాకు అంగీలు కుట్టేది వాళ్ళే, కానీ మెడకు పైన ఎప్పుడూ కొలవలేదు. "దొరా, నీ నెత్తి మీద చెయ్యి పెట్టుడు నాతోని కాదు" అని వణికాడు. సరే, చెయ్యి పెట్టకుండానే కొలవమన్నాను. నేను కచేరీలో రైతుల తగాదాలు వింటూ ఎట్లా కూర్చుంటానో అట్లాగే గోడకు ఆనుకొని నిండుగా కూర్చున్నాను. వాడు బల్ల ఎక్కి, కళ్ళు మూసుకొని, గోడ మీద గీత గీసి దిగాడు. గీత దాకా తాడు పట్టాడు.

భూమన్నకు ఒక మాట చెప్పండి. బొమ్మే కదా అని చిన్నచూపు వద్దు. చూసినవాడు అది నేనే అనుకోవాలి. మీసం తగ్గించవద్దు.

మీ విధేయుడు,
సుదర్శన్‌రావు

తా.క. జానకి అసలు మనిషిని నిర్మల్ పంపి బొమ్మను ఇంట్లో ఉంచుకుంటానంటోంది. భూమన్న దాన్ని మాట్లాడకుండా చేస్తాడా అని మాత్రం కనుక్కోమంది.

———

నిర్మల్
సెప్టెంబరు 12, 1962

సుదర్శన్‌కు ఆశీస్సులు.

నీ బొమ్మ తయారైంది. భూమన్న చేయి మొక్కదగిందిరా! అదే ముక్కు, అదే మీసం, ఎవడో అప్పు అడగబోతున్నాడన్నట్టు అదే చూపు. నెత్తిన తలపాగాగా నిండు ఎర్ర రుమాలు చుట్టి రంగు వేశాడు. రుమాలు ఎందుకయ్యా అంటే, "దొర బొమ్మకు రుమాలు పెట్టకుంటె మా బొమ్మలోళ్ళంత నా మొకాన ఉమ్మేస్తరు" అన్నాడు.

ఎడ్లబండి మీద దేవదాసు షెడ్డుకు తీసుకెళ్తుంటే బజారులో అరుగుల మీది వాళ్ళంతా లేచి నిలబడ్డారు. చౌరస్తాలో జవాను సలాము కొట్టాడు. ఆ రోజు షెడ్డుకు తాళం ఉంటే బొమ్మను మా వసారాలో దించాం. నేను లోపల స్నానం చేసి వచ్చేసరికి ఇద్దరు రైతులు దాని ముందు కూర్చొని గట్టు తగాదా చెప్పుకుంటున్నారు. మధ్యాహ్నం దాకా చెప్పుకున్నారు. చివరికి వాళ్ళే రాజీపడి, దండం పెట్టి లేచారు. "ఏ దొర గూడ గింతసేపు మా మాట ఇనలే" అని కళ్ళు తుడుచుకుంటూ పోయారు. అది బొమ్మ అని చెబితే రాజీ చెడుతుందని నేను మళ్ళీ లోపలికి పోయాను.

అంతా బాగుంది గానీ బొమ్మ కారులో పట్టడం లేదు. దేవదాసు సీటు స్ప్రింగులు తీశాడు, పట్టలేదు. సీటే తీసి చెక్క వేశాడు, పట్టలేదు. ఇప్పుడు కింది రేకు కోసి తొట్టి దించుతున్నాడు. ఒరేయ్, నిజం చెప్పు. పెళ్ళయ్యాక మళ్ళీ పెరిగావా?

నీ బావ

తా.క. మీ అక్క బొమ్మకు మిరపకాయలతో దిష్టి తీసింది. నీకు ఎప్పుడైనా తీసిందా?

———

చింతలగూడెం
సెప్టెంబరు 20, 1962

బావగారికి,

నమస్కారాలు అలవాటుకొద్దీ రాస్తున్నాను, కోపంగా ఉన్నాను.

కొలత సరిగానే ఉంది. తాడు అబద్ధమాడదు. పట్టకపోతే ఇంకా కోయమనండి. నాలుగు వేళ్ళ సందు రాకుండా ఆపవద్దు. నా పేరు కొట్టేస్తే మా వాళ్ళంతా "మోటరు కొన్నడు గని ఎక్కలేకపోయిండు" అని నేను పోయిన తర్వాత కూడా చెప్పుకుంటారు.

అసలు పరేషాన్ ఇది కాదు. మీ వసారా సంగతి ఆ రైతుల నోట, బస్సుల్లో, అంగళ్ళలో పడి ఇక్కడికి వచ్చింది. వచ్చేసరికి ఎట్లా అయిందంటే, చింతలగూడెం దొరకు నిర్మల్లో పక్షవాతం వచ్చింది, మాట పడిపోయింది, కన్ను కూడా కదపడం లేదు! నిన్న మా ఊరి ఇస్తారి, మొండయ్య మా గడి ముందుకు వచ్చి, ఇంటి వాకిట్లో నిలబడ్డ నన్ను చూసి, "దొరా, నీకు మాట పడిపోయిందట గద?" అని నన్నే అడిగారు. పడిపోలేదురా అని అరిచాను. "పాపం, మొండిధైర్యం" అంటూ పోయారు. చుట్టాలు సంచులు సర్దుకొని దిగుతున్నారు. జానకి వాళ్ళకు నన్ను చూపించి చూపించి అలసిపోయింది. చూసి కూడా కొందరు నమ్మడం లేదు. వాళ్ళు బొమ్మను కూడా చూసి వచ్చారట, అదే నేను అంటున్నారు.

త్వరగా కానివ్వండి.
బతికే ఉన్న,
సుదర్శన్‌రావు

తా.క. మా చిన్నాయన కొడుకు పరామర్శకు వచ్చి నా పడక్కుర్చీలో కూర్చొని చూసుకున్నాడు. వాడికి సరిగ్గా సరిపోయింది.

———

ఆదిలాబాదు
అక్టోబరు 15, 1962

ఒరేయ్ సుదర్శన్,

ఎక్కడున్నావురా? ఇంటికే రాస్తున్నాను, ఏదో ఒక రోజు చేరుకుంటావని. మీ అక్క ఏడుస్తోంది. మధ్య మధ్య నవ్వుతోంది కూడా.

నిన్న పందెంలో బయట నుంచి ఏం కనిపించిందో నీకు తెలియదు కాబట్టి చెబుతాను. కారు దగ్గర గట్టి టోపీ చేతికిచ్చి రుమాలు తీయమన్నాను. నువ్వు చుట్టూ చూసి, గుడ్డలు కట్టించి చాటు చేయించి, తీశావు. ఇన్నేళ్ళ చుట్టరికంలో నీ తల నేను చూడడం అదే మొదలు. అయ్యో రామా! దాని మీద ఏమీ లేదు గానీ, ఆ రుమాలు తీస్తే నువ్వు జానెడు పొట్టి. అప్పుడు వెలిగింది నాకు. సిద్దిరాములు తాడు నీ నెత్తి దాకా కాదు, నీ రుమాలు కొస దాకా. దాని మీద భూమన్న ఇంకో రుమాలు చుట్టాడు. మేం నెల రోజులు ఆ కారును కోసింది నీ కోసం కాదు, రెండు రుమాళ్ళ కోసం! బజారంతా మూగిన ఆ రోజునే రుమాలు తీసి కూర్చొని ఉంటే టోపీతో సహా పట్టేవాడివి.

చెబుదామని నోరు తెరిచేలోపు నువ్వు లోపల కూర్చున్నావు. కూర్చున్నావు అనకూడదు, మునిగావు. చూడ్డానికి వచ్చిన క్లబ్బు పెద్దమనిషి నాలుగు వేళ్ళు పెట్టబోయి మోచేయి దాకా పెట్టి, "సందు ఉంది" అని రాసుకున్నాడు.

జెండా ఊపాం. కార్లు కదిలాయి. నీ కారులో తల లేదు. జనం "డ్రైవర్ లేకుంటనే ఉరుకుతుంది!" అని గావుకేకలు పెట్టారు. ఒకాయన కొబ్బరికాయ కొట్టాడు. మూడో మలుపులో అందరూ తిరిగారు, నువ్వు తిరగలేదు. నేరుగా జొన్నచేనులోకి పోయావు. జొన్నలు కదలడం దూరం దాకా కనిపించింది, తర్వాత అదీ కనిపించలేదు.

ఉన్నావా రా? ఉంటే ఒక కార్డు ముక్క రాయి. తిట్టినా సరే.

నీ బావ

తా.క. సాయంత్రం సభలో ముందు వరుస కుర్చీలో ఎవరో కారుతో పాటు వచ్చిన నీ బొమ్మను కూర్చోబెట్టారు. ముఖ్య అతిథి దానికి దండ వేసి, "ఇంత నిరాడంబరంగా మాట్లాడకుండా కూర్చున్న పెద్దమనిషిని నేను చూడలేదు" అన్నాడు. నేను చప్పట్లు కొట్టాను. ఏం చేయను?

———

చింతలగూడెం
అక్టోబరు 19, 1962

ప్రియమైన బావగారికి,

ఉన్నాను. చెక్కు చెదరలేదు. అక్కను ఏడవద్దనండి, నవ్వడం ఆమె ఇష్టం.

లోపల నుంచి ఏం కనిపించిందో ఇప్పుడు నేను చెబుతాను. ఆకాశం కనిపించింది. ఒక గద్ద కనిపించింది. ఇంకేమీ కనిపించలేదు. మిగతా కార్ల చప్పుడు ఎటు పోతే అటు తిప్పాను. కాసేపటికి ఆ చప్పుడు పోయి పటపటమని జొన్నకంకుల చప్పుడు వచ్చింది. కానీ బావగారూ, ఒక్కసారి కూడా నా తల దేనికీ తగల్లేదు! లోపల ఒక్కణ్ణే గట్టిగా నవ్వాను. ఎన్నేళ్ళయిందో అట్లా నవ్వి.

చేను దాటాక ఆపాను. టోపీ తీశాను. పక్కన పెట్టుకున్న రుమాలు చుట్టచుట్టి కింద వేసుకొని దాని మీద కూర్చున్నాను. ముందు రోడ్డు కనిపించింది. వెనక్కి తిప్పాలి నిజమే. కానీ రోడ్డు బాగుంది, తల ఖాళీగా ఉంది, గాలి తగులుతోంది. సోన్ వంతెన మీద గోదావరి చూస్తూ దాటాను. జగిత్యాలలో పడుకున్నాను. కారు పక్కన బోడితలతో నిలబడ్డ నన్ను ఎవరూ లేచి చూడలేదు, చాయ్ హోటలువాడు "ఏందన్నా, కడక్‌దా?" అన్నాడు.

మర్నాడు సుల్తానాబాదులో వారపు సంత. పొద్దున మన ఊరి రోడ్డు మొగదల వంకాయల గంపతో మా దుర్గవ్వ చేయి అడ్డం పెట్టింది. మా గడి ముందు నుంచి రోజూ నడిచే మనిషి. నన్ను పోల్చుకోలేదు. రుమాలు లేని నన్ను ఈ ఊళ్ళో చూసింది జానకి ఒక్కతే కదా.

"ఓ డ్రైవరు కొడుకా, సుల్తానాబాదు అంగడికి దించు బిడ్డా, పున్నెముంటది."

ఎక్కించుకున్నాను. గంప ఒళ్ళో పెట్టుకుంది. ఎవరి మోటరు బిడ్డా అంది. చింతలగూడెం దొరది అన్నాను.

"అగో! మా దొరదేనా? ఆయనకు మాట పడిపోయిందట గద?"

"మంచిగనే ఉన్నడు అవ్వా. ఎసుంటోడు మీ దొర?"

"మంచోడే బిడ్డా, అబద్ధమెందుకు. గని మెడ వంగది. నేను ఎదురుంగ పోంగ ఎన్నడు నా మొకం సూడలే. నెత్తి తగుల్తదని గడిల తలుపులన్ని పీకిపిచ్చి ఎత్తు చేపిచ్చిండు. గింత కర్సెందుకు? జర వంగితె అయిపోతుండె గద!"

బావగారూ, అప్పుడు మాత్రం నిజంగానే మాట పడిపోయింది. యాభై ఏళ్ళు వచ్చినా ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. చెబితే నేను విని ఉండేవాణ్ణి కాదు.

అంగడి దగ్గర దిగి, రెండు వంకాయలు నా ఒళ్ళో వేసి, నా బోడితల నిమిరింది. "సల్లంగుండు బిడ్డా. మల్ల అంగడి నాడు గూడ గా మొగదల్నే నిలవడ్త" అంది. మా అవ్వ పోయిన తర్వాత నా తల మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. వంకాయలు టోపీలో పెట్టుకొని కారు ఇంటి వైపు తిప్పాను. నేనెవరో ఆమెకు చెప్పలేదు. చెప్పను కూడా. మీరూ చెప్పకండి.

ఇంటికి వచ్చి గడప దగ్గర వంగి లోపలికి వెళ్ళాను. జానకి చూసి, "అయ్యో, ఏమన్న పడిపోయిందా, వెతుకుతున్నవు?" అంది.

ఒక్క సాయం చేయండి. ఆ బొమ్మను దండతో సహా బండి కట్టించి పంపండి. కచేరీలో నా కుర్చీలో కూర్చోబెడతాను. వచ్చినవాళ్ళ దండాలు అది తీసుకుంటుంది, వాళ్ళ మాట కూడా నా కంటే బాగా వింటుంది. అంగడి రోజుల్లో నాకు తీరదు.

ఇట్లు,
దుర్గవ్వ డ్రైవరు,
సుదర్శన్

తా.క. వచ్చే అంగడికి దుర్గవ్వ పక్కింటి నాగవ్వ కూడా వస్తానందట, మేకను తోలుకొని. దానికి కొమ్ములున్నాయి. కొమ్ములతో కలిపి కొలవాలా, వదిలేసి కొలవాలా, దేవదాసును అడిగి వెంటనే రాయండి.