పంతొమ్మిదో అంతస్తు డేగ

మార్చి 22
కొలంబస్ డౌన్‌టౌన్‌లో మా ఆఫీస్ పంతొమ్మిదో అంతస్తు. నా కిటికీ బయట గట్టు మీద పెరిగ్రిన్ డేగ నాలుగు గుడ్లు పెట్టి పొదుగుతోంది. బ్లైండ్స్ తీయొద్దని మెయిల్ వచ్చింది. చూడాలనుకునేవాళ్ల కోసం లైవ్ కెమెరా పెట్టారు. ఆ లింక్ అత్తయ్యకి చూపించాను. నాకు బుద్ధి లేదు.

మార్చి 29
ఇంట్లో టీవీ ఇక డేగదే. ఇండియా నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చిన మనిషి మా మొహాలే చూడటం లేదు.

ఏప్రిల్ 3
ఆఫీసులో స్టాండప్ మీటింగ్ మధ్యలో అత్తయ్య నుంచి వరసగా మిస్డ్ కాల్స్. ఎవరికేమైందో అని బయటికి పరిగెత్తాను. తల్లి డేగ లేచి వెళ్లిందట. మగాడు వచ్చి కూర్చున్నాడట గానీ వాడికి చేతకావడం లేదట. ఒక గుడ్డు బయటే ఉందట, కాస్త లోపలికి తోసి రమ్మంది. పంతొమ్మిదో అంతస్తు అత్తయ్యా అన్నాను. కిటికీ తెరుచుకోదా అంది.

ఏప్రిల్ 4
వంకాయ కూర మాడింది. కారణం రాయను.

ఏప్రిల్ 18, శనివారం
ఏప్రిల్‌లో మంచు! కెమెరా ఆగిపోయింది. అత్తయ్య కోటు వేసుకుని గుమ్మంలో నిలబడింది. మా ఆయన తేజేశ్వర్ నవ్వాడు. డ్రైవ్ చేసింది మాత్రం నేను. సెక్యూరిటీతో గొడవపడి ఆవిడకి విజిటర్ బ్యాడ్జ్ తెచ్చాను.

బ్లైండ్ సందులోంచి చూశాం. వీపు నిండా మంచు. కళ్లు తెరుచుకుని, కదలకుండా కూర్చుని ఉంది. దులుపుకుంటే గుడ్లకి చలేస్తుందని కాబోలు అంది అత్తయ్య, మెల్లిగా. నాకూ అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 24
డేగ పిల్లలు బయటికొచ్చేదాకా తన టికెట్ పోస్ట్‌పోన్ చేయమంటోంది అత్తయ్య. ఇది రెండోసారి. నా టీవీ నాకు కావాలి. నా కిచెన్ నాకు కావాలి. తేజేశ్వర్‌తో పోట్లాడాను. అమ్మకి నువ్వే చెప్పు అన్నాడు. పిరికివాడు. నేనే చెప్పాను. సరే అని లేచి సూట్‌కేస్ తీసింది.

మే 4
అత్తయ్య వెళ్లిపోయింది. గుడ్లు అలాగే ఉన్నాయి. ఎయిర్‌పోర్ట్ లైన్‌లోంచి వెనక్కి తిరిగి నన్ను పిలిచింది. మాకేవో జాగ్రత్తలు చెబుతుందనుకున్నాను. దాన్ని కనిపెట్టుకుని ఉండమంది.

మే 9
వైల్డ్‌లైఫ్ వాళ్ల మెయిల్. గడువు దాటిపోయింది, ఆ గుడ్లు ఇక పిల్లలు కావట. మరి అది ఇంకా కూర్చునే ఉందే! ఎవరూ దానికి చెప్పరేం? అమ్మకి తెలియనివ్వొద్దన్నాడు తేజేశ్వర్. ఆవిడ అక్కడ ఫోన్‌లో చూస్తూనే ఉంటుందని ఈయనకెప్పుడు తడుతుందో.

మే 13
పొద్దున అది లేచి వెళ్లింది. తిరిగి రాలేదు. మగాడు ఒక పిట్టని పట్టుకొచ్చి, గుడ్ల పక్కన పెట్టి, అటూ ఇటూ చూస్తూ అరిచాడు. మీటింగ్ వదిలేసి అత్తయ్యకి ఫోన్ చేశాను. చూస్తున్నానమ్మా అంది. నేనూ చూస్తున్నా అన్నాను. ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు.