నాయినమ్మ నమిలి పెట్టిన రొట్టె

మంగళవారం, రాత్రి

పొద్దున బాపు పళ్లు తోముకుని వెళ్లాక సింకులో నీళ్లు కొంచెం ఎర్రగా కనిపించాయి. రోజూ చూసేదే.

మధ్యాహ్నం లైబ్రరీలో ఒక సైన్స్ పత్రిక చదివాను. చిగుళ్లను పాడుచేసే బ్యాక్టీరియా ఉమ్మితో పాటు కడుపులోకి దిగుతుందట. కడుపు క్యాన్సర్ ఉన్నవాళ్లలో అది ఎక్కువగా కనిపిస్తోందట. అదే కారణమో కాదో ఇంకా తేలలేదట.

నాయినమ్మ కడుపు క్యాన్సర్‌తోనే పోయింది. కదిలే పళ్లతో జొన్నరొట్టె మెత్తగా నమిలి, వేలితో తీసి నా నోట్లో పెట్టేది. బాపునూ అలాగే పెంచింది. పత్రిక చదివాక ఆ రొట్టె అంటే భయం వేయాలి. నాకు మాత్రం ఇంకొక్కసారి తినాలనిపించింది, ఆమె తంబాకు వాసనతో సహా.

సాయంత్రం బాపు బొల్లారం నుంచి కంపెనీ బస్సు దిగి ఇంటికి రాగానే, పంటి డాక్టర్ దగ్గరికి పోదామన్నాను.

"జెరంత రక్తానికి దవాఖానకా బిడ్డా? మా అవ్వ నమిలి పెట్టింది తినే గదా గింత పెరిగిన."

"నేను కూడా తిన్న బాపూ."

"మరి నీకేమైంది? కాన్వెంటుకు పోయి ఇంగ్లీషు మాట్లాడవడితివి!"

నవ్వితే అచ్చం నాయినమ్మే. ఆమె ఉంటే "లేవుర, నడువు" అనేది, బాపు లేచి చెప్పులు వేసుకునేవాడు. నాకు ఆ గొంతు లేదు. మళ్లీ అడగలేకపోయాను.

వారం రోజులుగా బాపు సగం అన్నానికే కడుపు నిండిందని లేచిపోతున్నాడు.