లెన్సు మీద మూత

లేదు గఫూర్ మామా, నీ కెమెరా కింద పడలేదు, బాగానే ఉంది. తప్పంతా నాదే.

రేపు పొద్దున బొంబాయి బండికి మా జేజి హజ్‌కు పోతాంది. పాసుపోర్టుకు తప్ప ఎన్నడూ ఫోటోకు ముఖం చూపని మనిషి, ఈ పొద్దు తానే వచ్చి వాకిట్లో కూర్చునింది. "ఒక్కటే తియ్‌రా. నేను తిరిగి రాకుంటే అదే చూసుకోండి" అనింది. నువ్వు నేర్పినట్లే కెమెరా కంతలో కన్ను పెట్టి చూసినా. జేజి ముక్కుపుల్ల రెండుగా కనపడింది. లెన్సు రింగు తిప్పి, రెండూ ఒకటైనంక నొక్కినా. "అయిపాయనా? నొప్పే లేదే!" అని నవ్వుకుంటా లేచి పోయింది.

కెమెరా సంచిలో పెట్టబోతే లెన్సు మీద మూత అట్లే ఉంది మామా! మూత ఉంటే కంతలో అంతా నల్లగా ఉంటాదనుకున్నా. మళ్లా కన్ను పెట్టి చూస్తే మూత ఉన్నా వాకిలంతా బాగా కనిపిస్తాంది. కంత వేరే, లెన్సు వేరే అని అప్పుడు తెలిసింది నాకు.

జేజి ఇంటింటికీ పోయి "నా ఫోటో మనవడే తీసినాడు" అని చెప్పుకుంటాంది. రీలు ఇంకా మిగిలే ఉంది. జేజికి మాత్రం ఇంకా చెప్పలేదు. మళ్లా కూర్చోమంటే, "నేను తిరిగి రానని నువ్వూ అనుకుంటాండావా?" అంటాదేమోనని భయం.

ఈ చీటీ ఎమ్మిగనూరు బస్సు డ్రైవరు చేతికిస్తాండా. అదే బస్సు తిరిగొచ్చేటప్పుడు జవాబు పంపు. ఒక్కటే అన్న మనిషిని రెండోసారి ఎట్ల అడగల్ల మామా?