సరిహద్దు దగ్గర నోరు జాగ్రత్త

ఏమండీ,

అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయని అల్లుడు ఫోన్ చేశాడు. మీ షిఫ్టు అయ్యేదాకా ఆగలేక పొద్దున బస్సుకే సరిహద్దు దాటుతున్నాను. మీరు రెండు గంటల బస్సుకి వచ్చేయండి.

మీ కొత్త పాస్‌పోర్టు టీవీ పక్కన పెట్టాను. తిరుగు టికెట్టు, అల్లుడు పంపిన ఆహ్వాన పత్రం అందులోనే ఉన్నాయి. అక్కడిచ్చే ఫారంలో వృత్తి అన్నచోట వెల్డరు అని మాత్రమే రాయండి. మీ యూనియన్ పదవులన్నీ ఆ గడిలో పట్టవు.

ఆఫీసరు "ఎందుకొచ్చారు?" అంటే "మా అమ్మాయిని చూడ్డానికి" అని ఊరుకోండి. పోయినసారిలా "మీ దేశంలో చూడ్డానికి ఇంకేముంది బాబూ?" అనకండి. ఆ ఒక్క మాటకి ఆయన మన సంచులన్నీ బల్ల మీద బోర్లించి, నా లంగాలు లైన్లో నలభై మందికీ చూపించి, చివరికి మీ పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు లేదని మిమ్మల్ని వెనక్కి పంపాడు. గడువు సంగతి మర్చిపోయాను గానీ లంగాల సంగతి మర్చిపోలేదు.

మొక్కలు తీసుకెళ్లనివ్వరు. అమ్మాయి కోసం కట్టిన ఆ గులాబీ అంటు ఇక్కడే ఉంచండి. చొక్కాలో దాచారో, ముల్లు గుచ్చుకుని మీరే దొరికిపోతారు.

గ్యాసు కట్టేసి, తాళం రెండుసార్లు లాగి చూడండి.

ఇంకో మాట. ఫోన్లో అమ్మాయి నన్ను ఒక్క ముక్క అడగలేదు. మూలుగుతూనే "నాన్న వస్తున్నాడా?" అంది. కని పెంచింది నేను, పిలుపు మీకు! గడ్డం గీసుకుంటూ కూర్చోకుండా త్వరగా రండి.