మా ఆయన బీరు ఫ్రీజర్

ఫిబ్రవరి 22, శనివారం

ఫ్రీజర్ వచ్చింది. సెకండ్ హ్యాండ్. పైన మూత ఎత్తే రకం, మనిషి పడుకునేంత పొడవు. ఇద్దరు వ్యాన్‌లోంచి దింపి గరాజ్‌లో పెట్టి వెళ్లారు.

ఉన్న ఫ్రీజర్ చాలదా అన్నాను. ఇది కూరగాయలకు కాదట. దీన్ని మార్చి, పబ్‌లోలాగా ట్యాప్ తిప్పగానే చల్లటి బీరు వచ్చేలా చేస్తారట. అపూర్వ ఫోన్‌లోంచి తలెత్తి, "డాడ్, యూ డోంట్ ఈవెన్ లైక్ బీర్" అంది. పదహారేళ్ల పిల్లకు కూడా తెలిసిన సంగతి. ఆయన నవ్వి, టేపుతో ఫ్రీజర్ కొలతలు తీసుకున్నారు.

పెళ్లయి ఇరవై ఏళ్లు. క్రిస్మస్ పార్టీలో కూడా ఆరెంజ్ జ్యూస్ గ్లాసు పట్టుకుని ఓ మూల నిలబడే మనిషి.

ఫిబ్రవరి 24, సోమవారం

ఎవరితోనూ అనలేక ఇక్కడ రాస్తున్నాను.

మా ఆయన యజ్ఞనారాయణ ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. కన్సల్టెంట్, అంటే సీనియర్. జనవరిలో ఒక రాత్రి డ్యూటీలో పందొమ్మిదేళ్ల కుర్రాడిని ఎమర్జెన్సీకి తెచ్చారు. పంటి చీము మెడలోకి దిగి గొంతు మూసుకుపోయింది. ఊపిరికి ట్యూబ్ వెయ్యబోతే దారి దొరకలేదు. దొరికేసరికి ఆలస్యమైపోయింది. ఐసీయూలో రెండు రోజులుండి పోయాడు.

ఎంక్వైరీ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. పర్మిషన్ లేకుండా హాస్పిటల్‌లో అడుగు పెట్టకూడదు. తప్పు మీదేనని ఎవరూ అనలేదు. కాదని కూడా అనలేదు.

నా ఆఫీసు ఇక్కడే, మా ఊరు బ్రాక్‌నెల్‌లోనే. అయినా ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని చేస్తానని మేనేజర్‌ని అడిగాను. ఒంట్లో బాగాలేదన్నాను. ఎవరి ఒంట్లో అని ఆవిడ అడగలేదు.

మార్చి 2, ఆదివారం

పొద్దున్నుంచీ రంపం, డ్రిల్లు. ఫ్రీజర్ గోడలో గ్యాస్ పైపులుంటాయి కాబట్టి దానికి రంధ్రం పెట్టకూడదట. అందుకని పెట్టెకూ మూతకూ మధ్య చెక్క ఫ్రేమ్ బిగిస్తున్నారు. ట్యాపులు ఆ చెక్కకే వస్తాయి. పైన అల్మరాలో పెద్ద బకెట్‌లో బీరు పులుస్తోంది. ఇల్లంతా పొంగిపోయిన ఇడ్లీ పిండి వాసన. అది తయారవడానికి మూడు వారాలు కావాలట.

మధ్యాహ్నం ఒంటినిండా చెక్కపొట్టుతో వచ్చి కూర్చుని, మారు అన్నం పెట్టించుకున్నారు. జనవరి తర్వాత ఇదే మొదటిసారి. నేను వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

మార్చి 5, బుధవారం

సిలిండర్ వచ్చింది. బూడిద రంగు, నా నడుము ఎత్తు కూడా లేదు. కార్బన్ డయాక్సైడ్. బీరును ట్యాపులోకి నెట్టేది అదేనట.

ఆయన జీవితమంతా గ్యాసులతోనే గడిచింది. ఏది మనిషిని నిద్రపుచ్చుతుందో, ఏది లేపదో ఆయనకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? సిలిండర్‌ను గరాజ్ మూలన గొలుసుతో కడుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. ఇది బీరు కోసమేనా అనిపించింది.

అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అనుకోవడం మాత్రం ఆగలేదు.

మార్చి 6, గురువారం

ఆఫీసు నుంచి ఇంటికి నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగోసారి ఆయనే, "ఈసారేంటి? పప్పులో ఉప్పెంతా?" అన్నారు.

మార్చి 9, ఆదివారం

వంటింట్లోకి పిలిచి, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ చూపించారు. ప్రెషర్ పడిపోతే ఏ మర తిప్పాలో, ముల్లు ఎక్కడిదాకా రావాలో. తర్వాత సింక్ కింద నీళ్లు ఎక్కడ ఆపాలో. నా చేతే తిప్పించారు.

"ఇవన్నీ నాకెందుకు? మీరున్నారుగా" అన్నాను.

"తెలిసుండాలి కదా లీలా" అన్నారు.

సాయంత్రం తన చేతి గడియారం అపూర్వకిచ్చారు. పరీక్షలకు ఫోన్ తీసుకెళ్లనివ్వరు, ఇది పెట్టుకో అని. అది మా పెళ్లిలో మా నాన్న ఆయనకు పెట్టిన గడియారం.

పిల్ల సంతోషంగా పెట్టుకుంది. నేను కంచం తీసి సింక్‌లో పెట్టేశాను.

మార్చి 11, మంగళవారం

లంచ్ టైమ్‌లో కారులో కూర్చుని బాలాజీకి ఫోన్ చేశాను. అతనూ మా ఆయనా గుంటూరు మెడికల్ కాలేజీలో రూమ్‌మేట్లు. ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో జీపీ, ఫ్యామిలీ డాక్టరు. ఇంట్లో బీరు కాచే సరదా అసలు బాలాజీదే.

ఈ దేశంలో ఇలా ఫ్రీజర్లు మార్చుకునేవాళ్లు బోలెడు మంది ఉన్నారట. సిలిండర్ ఫ్రీజర్ బయటే ఉంచమన్నాడు. లోపల పెట్టి కాస్త లీకైతే గ్యాసంతా పెట్టె అడుగున నిలిచిపోతుందట. సరేనన్నాను. ఫోన్ పెట్టెయ్యలేకపోయాను.

"అమ్మా లీలా, అసలు సంగతేంటి?" అన్నాడు.

చెప్పాను. బాయిలర్, గడియారం, అన్నీ.

వాణ్ణే అడుగు అన్నాడు. డొంకతిరుగుడు లేకుండా, ఉన్నదున్నట్టు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని అందరూ భయపడతారట, అది నిజం కాదట. "అడగడం వల్ల ఎవరూ చావరమ్మా. నేనూ రేపు ఫోన్ చేస్తాను."

ఇంటికి వచ్చాను. ఆయన ట్యాపులకు పాలిష్ పెడుతున్నారు. టీ కావాలా అని అడిగాను.

మార్చి 14, శుక్రవారం

ఈ రోజూ అడగలేదు. బాలాజీ ఫోన్ చేస్తే, బాగానే ఉన్నానని చెప్పి పెట్టేశారట.

మార్చి 22, శనివారం

బీరు తయారైంది. రెండు స్టీలు క్యాన్లలోకి నింపి ఫ్రీజర్‌లో దించారు. వీటిని కెగ్‌లంటారు. గడ్డకట్టకుండా చల్లగా మాత్రమే ఉండేలా కరెంటుకు చిన్న కంట్రోలర్ తగిలించారు. గొట్టాలన్నీ బిగించాక నన్ను పిలిచారు. బ్రష్షుతో ప్రతి జాయింటుకూ సబ్బునీళ్లు రాశారు. లీకుంటే బుడగలొస్తాయి. ఒక్క బుడగా రాలేదు. ఆయన ముఖంలో చిన్న వెలుగు.

సిలిండర్ మూలనే, గొలుసుతోనే ఉంది; గొట్టం మాత్రం మూత సందులోంచి లోపలికి వెళ్లింది. రెండుసార్లు చూసుకున్నాను.

మార్చి 25, మంగళవారం

ఇంటికొచ్చాను. తల ఇంకా దిమ్ముగానే ఉంది. మళ్లీ మరిచిపోకముందే రాసెయ్యాలి.

ఆదివారం మధ్యాహ్నం. అపూర్వ బ్యాడ్మింటన్‌కు వెళ్లింది. ఆయన పైన గదిలో ఉన్నారు. రీసైక్లింగ్ సంచి పెడదామని గరాజ్‌లోకి వెళ్లాను. మూలన గొలుసు వేలాడుతోంది. సిలిండర్ లేదు.

కారు వెనక చూశాను, బెంచీ కింద చూశాను. ఫ్రీజర్ మూత ఎత్తాను. కెగ్‌ల మధ్య అడుగున ఉంది. దాని మర కట్టేసి ఉందో లేదో తెలియలేదు. చెయ్యి అందక నడుం దాకా లోపలికి వంగాను. సోడా పొలమారినట్టు ముక్కు భగ్గుమంది.

తర్వాత ఏమీ లేదు.

తర్వాత ఆకాశం. వీపు కింద, గరాజ్ ముందరి డ్రైవ్‌వే రాళ్లు. నా దవడకు రెండువైపులా వేళ్లు. "ఊపిరి తీసుకో లీలా. ఆ, ఇంకోటి. ఇంకోటి." ఎవరో తెలిసినవాళ్ల గొంతులా ఉందే అనుకున్నాను.

మిగతాది ఆయన చెప్పింది. వంగినప్పుడు నా మోచెయ్యి తగిలి ట్యాపుల కిందుండే స్టీలు పళ్లెం నేలమీద పడిందట. ఆ చప్పుడుకు కిందికి వచ్చారు. నా కాళ్లు మాత్రమే కనిపించాయి. ఊపిరి బిగబట్టి, నడుం పట్టి లాగి, షటర్ ఎత్తి బయట పడుకోబెట్టారు. నాకు శ్వాస లేదు. తన ఊపిరే పోశారు. అప్పుడే ఫ్రెండ్ కారు దిగుతున్న అపూర్వకు, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా, అంబులెన్స్ కోసం 999కి ఫోన్ చెయ్యమన్నారట.

ఆ ఉదయమే సిలిండర్‌ను లోపలికి మార్చారట. గరాజ్ నీటుగా ఉంటుందని. ఆ కదలికలో ఒక జాయింటు వదులైంది. మళ్లీ సబ్బునీళ్లు రాయలేదు. బయట పెట్టమని బాలాజీ చెప్పాడని నేను ఆయనతో అనలేదు. అంటే, ఫోన్ ఎందుకు చేశావని అడుగుతారు కదా.

అంబులెన్స్ ఆయన హాస్పిటల్‌కే తీసుకెళ్లింది. దగ్గర్లో ఉన్నది అదే. అడుగు పెట్టకూడదన్న తలుపులోంచే నా స్ట్రెచర్ పట్టుకుని లోపలికి వచ్చారు. కొందరు చూపు తిప్పుకున్నారు. డ్యూటీ దిగి వెళ్తున్న ఆపరేషన్ థియేటర్ నర్సు ఒకావిడ వెనక్కి వచ్చి, ఆయన చేతిలో కాఫీ పెట్టి, పక్కన కూర్చుంది.

సోమవారం వార్డులో, కర్టెన్ లాగి ఉండగా అడిగారు.

"అందులోకి ఎందుకు వంగావు?"

"మీ కోసం."

అర్థం కాలేదు ఆయనకు. తర్వాత అయింది.

అప్పుడు అడిగేశాను. "చచ్చిపోవాలనిపిస్తోందా మీకు?"

పక్క మంచం ముసలావిడ దగ్గుతోంది. ఆయన నా దుప్పటి అంచు సరిచేస్తూ, "ఒకసారి అనిపించింది" అన్నారు.

ఫిబ్రవరిలో మొదటి ఎంక్వైరీ మీటింగ్ అయి వస్తూ మోటార్‌వే పక్కన బండ్లు ఆగే సర్వీసెస్‌లో కారు ఆపి, చీకటి పడేదాకా కూర్చున్నారట. నాకా రోజు గుర్తుంది. ఆలస్యంగా వచ్చారని, చెత్త బిన్ బయట పెట్టలేదని విసుక్కున్నాను. ఆ కారులో ఉండగానే బాలాజీ మెసేజ్ వచ్చిందట, వాళ్లింట్లో బీరు ట్యాప్ ఫొటో. ఇదెంతకాలం పడుతుందిరా అని అడిగారు. బీరు పులవడానికే మూడు వారాలు అన్నాడు వాడు.

"మూడు వారాల తర్వాత నేను ఉండి తీరాల్సిన పని ఒకటి కావాలనిపించింది లీలా. బీరైతే నాకేంటి, ఇంకోటైతే నాకేంటి."

"మరి బాయిలర్?"

"బాయిలరేంటి?"

"నాకు నేర్పించారుగా."

"ప్రెషర్ పడిపోయింది కదే! ఇరవై ఏళ్లలో నువ్వెప్పుడన్నా ముట్టుకున్నావా దాన్ని?"

నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో తెలియదు. నర్సు కర్టెన్ తీసి చూసి, మళ్లీ వేసి వెళ్లిపోయింది.

వెళ్లేముందు తన చేతులు చూసుకుంటూ మరొక మాట అన్నారు. "నీకు ఊపిరి లేనప్పుడు ఇవి వణికాయి. ఆ అబ్బాయి దగ్గర వణకలేదు. భయపడి చేసిన తప్పేదో ఉందని ఇన్నాళ్లూ వెతుక్కుంటున్నాను. భయపడలేదు లీలా. తెలిసినవన్నీ చేశాను. అయినా పోయాడు."

మార్చి 27, గురువారం

ఇద్దరం జీపీ దగ్గరికి వెళ్లాం. నేను అన్ని రోజులు అడగలేకపోయిన ప్రశ్నను ఆ డాక్టరమ్మాయి, దగ్గు ఉందా అన్నట్టు అడిగింది. ఆయనా అలాగే జవాబు చెప్పారు. వారానికోసారి మాట్లాడటానికి ఒకరిని ఏర్పాటు చేసింది.

అపూర్వ తండ్రితో మాట్లాడటం లేదు. రాత్రి భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "యూ నియర్లీ కిల్డ్ మమ్" అంది.

"అవును" అన్నారు. అపూర్వ కంచం వదిలి వెళ్లిపోయింది.

మార్చి 30, ఆదివారం

ఫ్రీజర్ అమ్మేద్దామన్నారు. వద్దన్నాను. ఎందుకో తెలియదు.

ఏప్రిల్ 5, శనివారం

బాలాజీ వచ్చాడు. ముందు తిట్టాడు. ఇద్దరినీ. తర్వాత కోటు విప్పి పనిలోకి దిగాడు. సిలిండర్ బయటికి వచ్చింది. చెక్క ఫ్రేమ్‌కు చిన్న రంధ్రం పెట్టి గొట్టం మాత్రం లోపలికి పంపారు. గోడకు గ్యాస్ అలారం బిగించారు.

సబ్బునీళ్ల గిన్నె ఆయన అందుకోబోతే అపూర్వ లాక్కుంది. ఒక్కో జాయింటు దగ్గరా వంగి, బ్రష్షుతో రాసి, చూసింది. మళ్లీ మొదటి నుంచీ. ఆయన చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు. అయ్యాక, "ఇట్స్ ఫైన్, డాడ్" అంది. పది రోజుల్లో ఆయనతో అన్న మొదటి మాట.

ట్యాప్ తిప్పితే మొదటి రెండు గ్లాసులూ నురగే. మూడోది బాలాజీ గటగటా తాగి, అదిరిందిరా అన్నాడు. మా ఆయన ఒక్క గుక్క తాగి వేపరసం మింగినట్టు ముఖం పెట్టారు.

ఏప్రిల్ 29, మంగళవారం

హాస్పిటల్ నుంచి ఫోన్. ఆయన తప్పు లేదని తేల్చారు. వచ్చే నెలలో చేరవచ్చు. మొదట్లో కొన్నాళ్లు ఇంకో కన్సల్టెంట్ తోడుంటారు.

విని, థాంక్స్ చెప్పి, ఫోన్ పెట్టేశారు. గంతులేస్తారనుకున్నానో ఏమో, ఆయన వైపే చూస్తూ నిలబడ్డాను.

"ఆఖరి మీటింగ్‌కు ఆ అబ్బాయి వాళ్లమ్మ వచ్చిందట" అన్నారు. సింక్‌లో గిన్నెలు తోమడం మొదలుపెట్టారు. తోమినవే మళ్లీ తోముతున్నారు. నేను పక్కన నిలబడి తుడిచాను.

మే 12, సోమవారం. ఉదయం పదిన్నర

ఈ రోజే ఆయన మళ్లీ డ్యూటీకి వెళ్లారు. ఇంట్లో నేనొక్కదాన్నే. గరాజ్ షటర్ పైదాకా ఎత్తి, టీ గ్లాసు పట్టుకుని ట్యాప్ తిప్పాను. బీరు తాగడం నా జీవితంలో ఇదే మొదటిసారి. ఇంకాసేపట్లో ఆఫీసు మీటింగ్.

చేదు. మొత్తం తాగేశాను.