రాతి ముఖంతో ఒక వారం

ఫిబ్రవరి 8, శనివారం

గాల్వెస్టన్ రేవులో ఓడ ఎక్కాం. ఓడంతా పేకాటే. తివాచీ మీద ఇస్పేటు ఆసులు, గోడల మీద రాణులు, లిఫ్టు తలుపుల మీద జాకీలు. గదిలో తువ్వాలును కూడా కిరీటంలా మడిచి మంచం మీద పెట్టారు. వారం రోజుల ప్రయాణం, పోకర్ ఆడేవాళ్ల కోసమే. మధ్యలో రెండు రేవులు. గురువారం పెద్ద పోటీ.

నిర్ణయం రాసుకుంటున్నాను. ఈ వారమంతా నా ముఖంలో ఏదీ కనిపించకూడదు. సంతోషం, దిగులు, కోపం, ఆకలి, ఏదీ. దిగేదాకా రాయి.

కారణం కూడా రాయాలి. మా ఊరు లఫ్కిన్‌లో నా బార్బర్ షాపు వెనకగదిలో ప్రతి గురువారం ఆడేవాళ్లు నన్ను షోకేసు అంటారు. లోపలి సరుకంతా బయటికే కనిపిస్తుందట. మంచి ముక్కలొస్తే కుర్చీ ముందుకు జరుపుకుంటాను, చెడ్డవొస్తే వానల గురించి మాట్లాడతాను. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు నటించడం పోకర్‌లో సగం విద్య. ఆ సగం నాకు రాదు. ఎలా వస్తుంది? గిరాకీ నవ్వితే నవ్వి, ఏడిస్తే అయ్యో అని బతికినవాణ్ని. ముఖం కట్టేసుకుంటే బార్బర్ షాపులో ఎవడు కూచుంటాడు?

నియమాలు:
బల్ల దగ్గర మాటల్లేవు.
బల్ల దగ్గరే కాదు, అంతటా రాయి. సగం రాయి అంటూ ఉండదు.
నెల్డాకి చెప్పకూడదు. చెబితే నా భార్య నవ్వుతుంది. ఆమె నవ్వితే నేను ఆగను.

ఓడ కదిలింది. అందరూ ఒడ్డుకి చేతులూపారు. నేను ఊపలేదు. ఆరంభం భేష్!

ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దున ముఖాన్ని అదుపులో పెట్టుకునే క్లాసు. చెప్పేది డెస్మండ్ ఫస్సెల్ అనే పెద్దమనిషి, ఎప్పుడో ఏదో కప్పు గెలిచాడట. నల్లకళ్లద్దాలు, టోపీ, గడ్డందాకా జిప్పు. బాధ కలిగినప్పుడు నాలుకని పళ్లకి ఆనించి మన ఊరి పోస్టాఫీసుని తలుచుకోవాలట. పోస్టాఫీసుని తలుచుకుంటే ఎవరికీ ఏమీ అనిపించదట. క్లాసవగానే నల్లద్దాలతో ఠీవిగా నడిచి వెళ్లి గాజు తలుపుకి గుద్దుకున్నాడు. ముఖం చెక్కుచెదరలేదు. గొప్ప గురువు.

మధ్యాహ్నం భోజనాల హాలు చూసి తీరాల్సిందే. హాలు నిండా జనం, ఒక్క ముఖంలోనూ కళ లేదు. వడ్డించే అమ్మాయి బల్లబల్లకీ తిరిగి బ్రిస్కెట్ మాంసం బాగాలేదా అని అడిగింది. ఎవరూ బదులు చెప్పలేదు. బాగుందంటే గుట్టు బయటపడుతుంది కదా. సాయంత్రానికి వంటవాణ్ని మార్చారని తెలిసింది.

తర్వాత హాస్య కార్యక్రమం. మూడో జోకుకి ఆ హాస్యగాడికి చెమటలు పట్టాయి. కాసేపటికి జోకులు మానేసి క్షమాపణ అడిగాడు. హాలంతటికీ ఒక్క మనిషి పకపకా నవ్వింది. నెల్డా. నా పక్కనే. పోస్టాఫీసు, పోస్టాఫీసు అనుకుంటూ గట్టెక్కాను.

పేక గదిలో చేతిలో ఏమీ లేకుండా రెండు ఆటలు గెలిచాను! జీవితంలో మొదటిసారి. బల్లకి అవతల మిసెస్ క్రెనెక్ అనే పెద్దావిడ. స్కూలు బస్సు నడిపి రిటైరైంది, మెళ్లో ముత్యాలు, ఒళ్లో ఊలు ఉండ. ముక్కలు పడేసి నావైపు చూసింది.

"నీ లోపల ఏముందో తెలిసి చావడం లేదు నాయనా," అంది.

నా గురించి ఎవరూ ఇంత మంచిమాట అనలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

ఘనవిజయం.

పొద్దున వరండాలో కాఫీ తాగుతుంటే నెల్డా కప్పు కింద పెట్టింది. ఒక సంగతి చాలా రోజులుగా చెప్పాలనుకుంటోందట, ధైర్యం చాలడం లేదట. షాపుని కొంటామని ఒకరు అడుగుతున్నారట. డార్సీ అనే అమ్మాయి, మా వీధి చివర టైర్ల కొట్టువాళ్ల మనవరాలు. రేపటిలోగా జవాబు చెప్పాలట. షాపు నెల్డా తండ్రి కట్టించింది, కాగితాలు ఆమె పేరునే ఉన్నాయి. అయినా నన్నడక్కుండా ఏ మాటా ఇవ్వనంది.

షాపు మూతపడి కొన్ని నెలలైంది. నా గిరాకీల్లో సగం మందికి బట్టతలలు, మిగతా సగానికి సమాధులు. అయినా రోజూ పొద్దున్నే వెళ్లి తాళం తీస్తాను. లైట్లు వేసి, కుర్చీలో కూచుని, పేపరు చదివి వస్తాను.

"ఏమంటావు వెర్లన్? ఉన్నమాట చెప్పు," అంది నెల్డా.

నా ముఖంలోకే చూస్తోంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నా నోటిని ఎప్పుడూ నమ్మలేదు. ముఖాన్నే నమ్మింది.

నా లోపల ఎవరో షట్టరు దబ్బున దించినట్టయింది. నాలుక పళ్లకి ఆనించాను. లఫ్కిన్ పోస్టాఫీసు. స్టాంపుల కిటికీ. జెండా కర్ర.

"నీ ఇష్టం," అన్నాను.

రెప్ప కదల్లేదు. గొంతు వణకలేదు. ఆమె ఇంకా చూసింది. అటుపైన సరేనని కప్పు అందుకుంది. ఫస్సెల్ గారు ఉంటే చప్పట్లు కొట్టేవారు. కాదు, ఆయన చప్పట్లు కొట్టరు.

షాపు సంగతి ఇంటికెళ్లాక తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ముందు గురువారం గడవనీ.

ఫిబ్రవరి 11, మంగళవారం. కోజుమెల్

ఓడ రేవులో ఉంటే పేక గది మూసేస్తారు. జనమంతా దిగారు. నెల్డా ఫోను చేసుకోవాలని ఒక్కతే వెళ్లింది. నేను గదిలో అద్దం ముందు సాధన చేశాను.

టాకోలు పట్టుకుని వచ్చింది. డార్సీకి సరేనని చెప్పేసిందట. తాళాలు కూడా ఊళ్లో ఉన్న మా వదిన చేత ఇప్పించేసిందట. నేనింత తేలిగ్గా తీసుకుంటానని కలలో కూడా అనుకోలేదట, అనవసరంగా నిద్ర పాడుచేసుకున్నానని తనని తనే తిట్టుకుంది.

ఇంటికెళ్లాక మాట్లాడుకోవడానికి ఇక ఏమీ లేదు.

టాకో తిన్నాను. రాయి.

తర్వాత కాసేపు బాత్రూములో ఉన్నాను. కంట్లో షాంపూ పడింది. ఓడ వాళ్ల షాంపూ మహా ఘాటు. ఇది లెక్కలోకి రాదు.

(స్నానం చేయని మాట నిజమే. మూత తీసి వాసన చూస్తుంటే పడింది.)

ఫిబ్రవరి 12, బుధవారం. రొఆటాన్

కోతి ఒకటి ఒకాయన టోపీ ఎత్తుకుపోతే నవ్వాను. కోతి పేకాడదు కాబట్టి దాని ముందు నవ్వితే దోషం లేదు. మధ్యాహ్నం భోజనంలో పెకన్ గింజల మిఠాయి చూసి నిట్టూర్చాను. అది నిట్టూర్పు కాదు, ఊపిరి.

ఈ ద్వీపంలో ఒక వీధి మలుపున క్షవరం షాపు ఉంది. ఒకే కుర్చీ. బార్బరు చేతులు తిప్పుతూ ఏదో కథ చెబుతున్నాడు. గిరాకీ ముఖం నిండా నురగ, నవ్వుకి నురగ ఎగిరి అద్దం మీద పడుతోంది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నెల్డా వెనక్కి వచ్చి ఏమైందని అడిగితే ఎండ అన్నాను. నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాను. అద్దాలు పెట్టుకోవడం ఓటమి కాదు, ఫస్సెల్ గారు కూడా పెట్టుకుంటారు.

భోజనాల దగ్గర నెల్డా బల్లకంతా చెప్పింది, షాపు అమ్మేస్తే మా ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదని. అందరూ నన్ను అభినందించారు. మనిషంటే అలా ఉండాలి అన్నారు.

గదికి వచ్చాక ఆమె మాట మారిపోయింది.

"ఆ షాపు నీకు అంత అక్కర్లేనిదైతే, రోజూ పొద్దున్నే ఎందుకు పరిగెత్తేవాడివి? ఇంట్లో నా ముఖం చూడలేకా?"

కాదని ఒక్కమాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. దాని వెనకే మిగతావన్నీ వస్తాయని భయమేసింది. రేపే పోటీ. నాలుక పళ్లకి ఆనించాను. పోస్టాఫీసు.

నెల్డా పుస్తకం తీసుకుని పై అంతస్తుకి వెళ్లిపోయింది.

ఒక్కరోజే కదా. రేపటితో అయిపోతుంది.

ఫిబ్రవరి 13, గురువారం

అయిపోయింది.

అయినా వరసగా రాస్తాను. పొద్దున పోటీ మొదలు. ఒక్కొక్కరే లేచిపోతున్నారు, నేను మిగులుతున్నాను. మధ్యాహ్నానికి చివరి బల్లకి చేరాను. షోకేసుగాడు చివరి బల్ల మీద! బల్ల చుట్టూ కట్టిన తాడు అవతల జనం మధ్య నెల్డా వచ్చి నిలబడింది. పొద్దుట్నుంచి నాతో మాట్లాడలేదు.

నా చేతికి రెండు ఆసులు వచ్చాయి. బల్ల మీద మూడో ఆసు పడింది. అంతకన్నా మంచి ముక్కలు నాకు ఎన్నడూ పడలేదు. నా పందెం బిళ్లలు, అదే చిప్స్, అన్నీ ముందుకు తోశాను. అందరూ తప్పుకున్నారు, మిసెస్ క్రెనెక్ మిగిలింది. ఆవిడ తొందరపడలేదు. నన్ను మాటల్లో పెట్టి ముఖం చదువుదామని చూసింది.

"మీ ఊళ్లో ఏం చేస్తుంటావు నాయనా?"

"బార్బర్ని. షాపుంది," అన్నాను. తర్వాత "ఉండేది," అన్నాను.

అంతే. నాలుక పళ్లదాకా వెళ్లలేదు. పోస్టాఫీసు రాలేదు. మా షాపు పోస్టాఫీసుకి ఎదురుగానే ఉంది, ఆ కిటికీలోంచి చూస్తే కనిపించేది మా షాపే. కన్నీళ్లు వచ్చాయి. ముక్కుతో, గొంతుతో, భుజాలతో సహా ఏడ్చాను. ఆకుపచ్చ గుడ్డ తడిసింది. ముక్కలు పంచే అమ్మాయి చేతిరుమాలు ఇవ్వచ్చో లేదో తెలియక పై అధికారి వైపు చూసింది.

మిసెస్ క్రెనెక్ నన్ను జాలిగా చూసింది. పాపం, చేతిలో ఏమీ లేక భయపడి ఏడుస్తున్నాడనుకుంది. నా పందేనికి సరిపడా చిప్స్ తోసింది, తన దగ్గర కాసినే మిగిలాయి.

నేను మూడు ఆసులు చూపించాను.

ఆపైన హాలు దద్దరిల్లింది. ఇలాంటి నటన పుట్టి బుద్ధెరిగాక చూడలేదన్నారు. ఫస్సెల్ గారు నల్లద్దాలు తీసి, ఆ కన్నీళ్లు తెప్పించే కిటుకు నేర్పమని అడిగారు. ఏడుస్తూనే ఉన్నాను. చప్పట్లు ఇంకా పెరిగాయి.

తాడు దగ్గర చప్పట్లు కొట్టనిది ఒక్క నెల్డా. నా వైపు చూసి, వెనుదిరిగి, తలుపు తోసుకుని బయటికి వెళ్లిపోయింది. నేను లేచి ఆమె వెంట వెళ్లాను. ఆట మధ్యలో లేవకూడదని ఎవరో అరిచారు.

డెక్కు మీద గాలి. రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉంది.

"వాళ్లంతా నటన అంటున్నారు. నీకు నటించడం రాదు, వెర్లన్. సోమవారం ఆ ముఖం ఎక్కడ పెట్టావు?"

"ప్రాక్టీసులో ఉన్నాను," అన్నాను.

"నాతోనా?" అంది. "నాతో పేకాట ఆడావా?"

నిర్ణయం, నియమాలు, పోస్టాఫీసు, అన్నీ చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. నీ ముఖం చూడలేక కాదు, పొద్దున్నే ఆ లైట్లు వెయ్యకపోతే నేనెవరో నాకే తెలియదని చెప్పాను. ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నీ ముఖంలో ఒక్క గీత కదిలినా ఆ పిల్లకి వద్దని చెప్పేదాన్ని," అంది. "ఒక్క గీత."

మేం అక్కడే ఉండిపోయాం. నేను లేకపోయినా ఆటాటకీ కట్టాల్సిన పందేలతో నా చిప్స్ కరిగిపోయి, మిసెస్ క్రెనెక్ మళ్లీ పుంజుకుని కప్పు గెలిచిందని తర్వాత తెలిసింది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

నా ముఖం ఇవాళ తన ఇష్టమొచ్చినట్టు ఉంది. ఆపే ఓపిక లేదు.

నెల్డా ఓడ ఫోను నుంచి డార్సీతో మాట్లాడింది. వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆ అమ్మాయి అప్పుడే గోడలకి నీలం రంగు వేయించేసింది. ఏం పెడుతోందని అడిగాను. నెల్డా నా వైపు చూడకుండా చెప్పింది. కుక్కలకి స్నానం చేయించి జుట్టు కత్తిరించే షాపట.

కుక్కలకా! జడ్జిగారి తల దువ్విన చోట. ముగ్గురు మేయర్లకి గడ్డం గీసిన చోట. హాలంతా తిరిగి చూసేలా అరిచాను. కంచంలో ఉన్నది తినకుండా లేచాను. కాసేపటికి వచ్చి తిన్నాను. వంట బాగుంది, ఆ సంగతి వడ్డించే అమ్మాయికి చెప్పాను. పాపం, వారంలో మొదటిసారి విన్నట్టుంది, వెళ్లి ఇంకో ఇద్దర్ని పిలుచుకొచ్చి మళ్లీ చెప్పించుకుంది.

ఫిబ్రవరి 15, శనివారం

దిగాం. ఇంటిదారిలో కారులో రాస్తున్నాను. నెల్డా నడుపుతోంది.

ఒడ్డు రాగానే డార్సీ మళ్లీ ఫోను చేసింది. తనకి స్నానాలు వచ్చుగానీ కత్తెర సరిగా తిరగదట. వారంలో రెండు పూటలు నన్ను రమ్మంటోంది. ఒక ముసలి పూడ్లు కుక్క అప్పుడే వరసలో ఉందట, కళ్ల మీద జుట్టు పడి గోడలకి గుద్దుకుంటోందట.

ఆలోచించి చెబుతానన్నాను. నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ని, పిలవగానే పరిగెత్తితే చులకనైపోతాను.

కాబట్టి సోమవారం నుంచి నిర్ణయం మళ్లీ మొదలు. డార్సీతో బేరం తేలేదాకా ముఖంలో ఏదీ కనిపించకూడదు. సంతోషం అసలే కనిపించకూడదు. రాయి. ఈసారి నెల్డాకి మినహాయింపు. పూడ్లుకి కూడా ఇవ్వాలేమో. దాని జుట్టు చెవుల దగ్గర ఎలా వదలాలో ఆలోచిస్తున్నాను, మెడ దగ్గర దగ్గరగా తీసి, నుదుటి మీద కొంచెం

నెల్డా రోడ్డు మీంచి చూపు తిప్పి, ఎందుకా నవ్వు అని అడిగింది.