నీలం బోర్డు కింద ఒక చలికాలం

నవంబర్ 30, శనివారం. ఉదయం 7.15

నిర్ణయం! ఈ చలికాలం, అంటే ఫిబ్రవరి ఆఖరు వరకూ, నా కారుకి ఒక్క పార్కింగ్ ఫైన్ కూడా పడకూడదు.

పోయిన చలికాలం ఐదు పడ్డాయి. ఆ డబ్బుంటే అత్తమ్మ దౌలత్‌బీకి విజిట్ వీసా తీసి నెల్లూరు నుంచి షార్జాకి రప్పించేవాళ్లం. రప్పించలేకపోయాం. షగుఫ్తా ఏడాదిగా ఆ మాటే ఎత్తలేదు. మా ఆవిడ మాట ఎత్తకపోతేనే నాకు భయం. ఈసారి జనవరికి టికెట్ తీసేశాం.

నియమాలు:
1. బోర్డు పూర్తిగా చదవాలి.
2. కారు దిగకముందే పార్కింగ్ డబ్బు కట్టాలి.
3. "రెండు నిమిషాలే కదా" అనకూడదు.

పద్దెనిమిదేళ్లుగా సైన్‌బోర్డుల వర్క్‌షాప్‌లో పని నాది. బోర్డు చదవడం ఒక లెక్కా!

డిసెంబర్ 1, ఆదివారం. సాయంత్రం 6.20

అద్భుతం! బిల్డింగ్ వెనక ఇసుక మైదానంలో చోటు. ఉచితం. ఇంత తేలికైన పనికి నిర్ణయం కూడా ఎందుకో.

డిసెంబర్ 2, సోమవారం. సాయంత్రం 5.40

ఇక్కడి జాతీయ దినోత్సవం. సెలవు. సెలవు రోజు పార్కింగ్ ఫ్రీ అని పార్కు పక్కన దర్జాగా పెట్టాను. ఫైన్ పడింది!

నీలం బోర్డు ఉన్న చోట సెలవు రోజు కూడా కట్టాలట. వెళ్లి చూశాను. స్పష్టంగానే రాసి ఉంది. అక్షరాల సైజు కూడా బాగుంది. మా వర్క్‌షాప్‌లోనే చేశామేమో.

షగుఫ్తాకి చెప్పలేదు. సెలవు రోజు పడిన ఫైన్ లెక్కలోకి రాదు.

డిసెంబర్ 9, సోమవారం. ఉదయం 7.30

ఇసుక మైదానం మూసేస్తున్నారు! చుట్టూ సిమెంటు దిమ్మలు దింపుతున్నారు. బిల్డింగంతా కిందే నిలబడి చూస్తోంది. వాచ్‌మన్ పర్శరాములు తీర్పు చెప్పినట్టు చెప్పాడు.

"ఖలాస్ భాయ్. రేపటి సంది బంద్. ఈడ పెడితే గుంజుకపోతరు."

"మరి ఎక్కడ పెట్టాలి, పర్శరాములూ?"

"గదే అందరడుగుతున్నరు. నాకైతే సైకిలుంది."

డిసెంబర్ 12, గురువారం

6.10 – చక్కర్లు మొదలు.
6.35 – ఇంకా చక్కర్లే.
6.50 – తాళాలు ఊపుకుంటూ ఒకాయన నడుస్తున్నాడు. నెమ్మదిగా వెంట పోనిచ్చాను. కారు తలుపు తీశాడు. పాల డబ్బా తీసుకున్నాడు. వెనక్కి వెళ్లిపోయాడు!
7.05 – చోటు! ఇండికేటర్ వేశాను. రెండో అంతస్తు శ్రీదుర్గ ఎటునుంచి వచ్చిందో, దూరేసింది. "సారీ అన్నా! పొద్దున్నించి ల్యాబ్‌లో నిలబడే ఉన్నాను, కాళ్లు పోతున్నాయి."
7.30 – పెట్టాను. ఇంకొంచెం ముందుకు పెడితే దుబాయ్ వచ్చేస్తుంది.

నడవడం ఆరోగ్యానికి మంచిది.

డిసెంబర్ 18, బుధవారం. మధ్యాహ్నం 3.00

బిల్డింగ్ గుమ్మానికి ఎదురుగా, సరిగ్గా నీలం బోర్డు కింద చోటు దొరికింది! వెంటనే ముప్ఫై రోజుల పాసు కొనేశాను. ఇక ఫైన్ అన్న మాటే లేదు.

ఒకటే షరతు. కారు తీస్తే చోటు పోతుంది. కాబట్టి తీయను.

డిసెంబర్ 26, గురువారం

వర్క్‌షాప్‌కి బస్సులో వెళ్తున్నాను. సరుకులు చేతుల్లో మోస్తున్నాను. ఐదు కిలోల బియ్యం సంచీ భుజాన వేసుకుని వస్తుంటే షగుఫ్తా ఆగి అడిగింది.

"ఏమండీ, మనకి కారుందని గుర్తుందా?"

"ఎలా మర్చిపోతాను? రోజూ చూసుకుంటున్నాను కదా!"

జనవరి 4, శనివారం

అద్దానికి నోటీసు అంటించారు. దుమ్ము పట్టి వదిలేసిన బండిలా ఉందట! వెనక అద్దం మీద ఎవరో వేలితో నవ్వు మొహం కూడా గీశారు. రెండు బకెట్ల నీళ్లు తెచ్చి తుడిచాను.

నోటీసు వేరు, ఫైన్ వేరు. నిర్ణయం చెక్కుచెదరలేదు. (డిసెంబర్ 2 కాకుండా.)

జనవరి 8, బుధవారం

అత్తమ్మ వచ్చింది! ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీలో తీసుకొచ్చాను.

"కారు ఉండాదన్నారే, బేటా?"

"ఉంది అత్తమ్మా. అదిగో."

అత్తమ్మ కారుని చూసింది. టాక్సీని చూసింది. నన్ను చూసింది. షగుఫ్తా నన్ను చూడలేదు.

జనవరి 12, ఆదివారం

అత్తమ్మ సరిగ్గా తినడం లేదు. పొద్దున్నే నేను వర్క్‌షాప్‌కి, షగుఫ్తా నర్సరీ స్కూలుకి. నాలుగో అంతస్తులో ఆవిడొక్కతే. కిటికీ తీస్తే ఎదురుగా పక్క బిల్డింగ్ గోడ, ఏసీ డబ్బాలు.

"ఏందమ్మా ఇది, మనిషి గొంతు వినబడదు," అంది కూతురితో. "ఇంకా రెండు నెల్లంటే నావల్ల కాదు. ముందుగానే పంపించేయండి."

షగుఫ్తా వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. ఏడుపు వినపడకూడదని.

ఏం చేయాలో తోచక అత్తమ్మని కిందికి తీసుకెళ్లాను. మోకాళ్లు నొప్పి, ఎక్కువ నడవలేదు. కారులో కూర్చోబెట్టాను. అద్దం దించమంది. ఎండ హాయిగా ఉంది. దారిన పోయేవాళ్లని చూస్తూ రెండు గంటలు కూర్చుంది. పైకి రమ్మంటే, "ఉండు బేటా, ఇంకాసేపు," అంది.

జనవరి 15, బుధవారం. సాయంత్రం 5.00

కారు ఇప్పుడు అత్తమ్మ అరుగు. పొద్దున షగుఫ్తా దింపి తాళాలిచ్చి వెళ్తుంది. పర్శరాములు టీ తెచ్చిస్తాడు. ఇవాళ నేను బస్సు దిగి వచ్చేసరికి శ్రీదుర్గ వెనక సీట్లో కాళ్లు చాపుకుని తన పెళ్లి సంగతులన్నీ చెప్తోంది. నా కారులో నాకు చోటు లేదు!

మూడు రోజులుగా అత్తమ్మ ఊరి మాట ఎత్తలేదు.

జనవరి 18, శనివారం. మధ్యాహ్నం 1.30

ఫైన్!!

పాసు మొన్ననే అయిపోయింది. మర్చిపోయాను. పరుగున వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ వెళ్లిపోయాడు.

"మంచి పిల్లోడు బేటా," అంది అత్తమ్మ. "ఏందో అడిగినాడు. అల్లుడొస్తాడు ఉండబ్బయా అన్నాను. పది నిమిషాలు ఉన్నాడు పాపం. మురుకులిస్తే షుక్రన్ అన్నాడు, మన షుక్రియా మాదిరి. పొయ్యేటప్పుడు నాకు ఫోటో కూడా తీశాడు."

ఫోన్‌కి వచ్చిన ఫైన్ మెసేజ్‌లో లింకు నొక్కాను. నంబర్ ప్లేటు, నీలం బోర్డు, కిటికీలో అత్తమ్మ. కొంగు సర్దుకుని, మురుకుల డబ్బా ఒళ్లో పెట్టుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది.

ఇక దాచలేక డిసెంబర్ ఫైన్‌తో సహా షగుఫ్తాకి అంతా చెప్పేశాను. తను ఫోటోని చాలాసేపు చూసింది. పెద్దది చేసి చూసింది.

"నాన్న పోయాక అమ్మ ఇలా నవ్వడం ఇదే," అంది. తర్వాత, "సెలవు రోజు ఫైన్ లెక్కలోకి రాదా? ఎవరు చెప్పారండీ మీకు?" అని పడీ పడీ నవ్వింది.

జనవరి 19, ఆదివారం

నిర్ణయం! నేటి నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకూ ఒక్క ఫైన్ కూడా పడకూడదు.

ఉదయం 10.00 – కారు తీశాను. ఉమ్ అల్ క్వైన్ సముద్రం చూపించడానికి. వెళ్తూ వెనక్కి చూస్తే అప్పుడే నా చోట్లో ఎవరో పెట్టేశారు. పెట్టుకోనీ.

సాయంత్రం 6.10 – తిరిగొచ్చాం. చక్కర్లు మొదలు. షగుఫ్తా గుమ్మం దగ్గర దిగిపోయింది. అత్తమ్మ దిగనంది. దుకాణాల్లో దీపాలు వెలుగుతున్నాయి. "అది ఏం అంగడి? ఈయమ్మ ఎవరు? ఇంకో తూరి ఇటే పోనీ బేటా," అంటోంది.

6.35 – మూడో చక్కర్లో ఒక చోటు కనబడింది. నా ముందు కారు లేదు. వెనక కారు లేదు.

చూడనట్టు ముందుకు పోనిచ్చాను.